చెవులను బట్టి ఒక పేరు, తోకను బట్టి మరొక పేరు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

శేషాచలం అడవులలోని దుప్పులను గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా మన దుప్పులను వదలిపెట్టి అమెరికా జింకలను పట్టుకున్నాయి. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. తిరుపతిలో ఏ వీధిలో చూసినా కొలరాడోలోనో, కాలిఫోర్నియాలోనో, వాషింగ్టన్ రాష్ట్రంలోనో కొడుకో కూతురో ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. అక్కడికి వెళ్లి వచ్చిన పెద్దలు, పెరట్లోకి వచ్చిన జింక ఫొటోను ఫోనులో భద్రంగా దాచుకుని తెస్తారు. అందుచేత ఈ నెల స్థలమంతా ఆ జింకలకే ఇస్తున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా వేశాము.

ప్రశ్న: డెన్వర్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉండి వచ్చాను. సాయంత్రం అయ్యేసరికి నాలుగైదు జింకలు పెరట్లోకి వచ్చి గులాబీ మొగ్గలన్నీ తిని పోయేవి. అలిపిరి నడకదారిలో జింకల పార్కు దగ్గర కనబడే దుప్పుల వంటివే అనుకున్నాను గాని, వీటి ఒంటి మీద చుక్కలు లేవు, చెవులు మాత్రం చేటలంత ఉన్నాయి. మా అల్లుడు వీటిని ‘మ్యూల్ డీర్’ అంటాడు. సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి తమ వైపు తిరిగేవి ‘బ్లాక్ టెయిల్డ్ డీర్’ అంటాడు. ఇవి రెండూ ఒకటేనా? మన దుప్పికి ఇవి ఏమవుతాయి? – విశ్రాంత ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: అమ్మా, మీ అల్లుడుగారు చెప్పినదీ నిజమే, మీ అబ్బాయి చెప్పినదీ నిజమే. చాలాకాలంగా వస్తున్న వర్గీకరణ ప్రకారం ఆ రెండూ ఒకే జాతిలోని రెండు తెగలు. ఆ జాతికి శాస్త్రీయ నామం ఓడోకోయిలియస్ హెమియోనస్. 1804–06 సంవత్సరాలలో లూయిస్, క్లార్క్ అనే సైనికాధికారులు మిసోరి నది వెంట పడమటి సముద్రం దాకా యాత్ర చేసినప్పుడు, మైదానాలలో కనబడిన ఈ జింక చెవులను చూసి దానికి ‘మ్యూల్ డీర్’ అని పేరు పెట్టారు. మ్యూల్ అంటే మన కంచరగాడిద. 1817లో రఫినెస్క్ అనే ప్రకృతి శాస్త్రవేత్త శాస్త్రీయ నామం పెట్టినప్పుడు కూడా ఆ చెవులను వదలలేదు; ‘హెమియోనస్’ అనే గ్రీకు మాటకు ‘సగం గాడిద’ అని అర్థం. యాత్రికులు పసిఫిక్ తీరం చేరిన తరువాత అక్కడి అడవులలో ఇటువంటిదే అయినా కొంచెం చిన్నదిగా, తోక నల్లగా ఉన్న జింకను చూసి, అది మైదానాలలో చూసినది కాదని గుర్తించి విడిగా రాసుకున్నారు. ఆ విధంగా ఒక దానికి చెవులను బట్టి, మరొక దానికి తోకను బట్టి పేర్లు స్థిరపడ్డాయి. పేరును నమ్ముకుని జంతువును పోల్చుకోవడం మాత్రం అంత సులభం కాదు. తోక రంగే గుర్తు అనుకుంటే మన అడవులలోని కణితి (సాంబర్ జింక) తోక కూడా ముదురు రంగులోనే ఉంటుంది.

ఇక బంధుత్వం మాట. మన దుప్పి, కణితి పాత ప్రపంచపు జింకల శాఖకు చెందినవి. మీరు చూసినవి కొత్త ప్రపంచపు శాఖకు చెందినవి. జింకలన్నీ నడిచేది రెండు మధ్య వేళ్ల గిట్టల మీదనే అయినా, ముందు కాలిలో పక్క వేళ్ల ఎముకల అవశేషాలు కొద్దిగా మిగిలి ఉంటాయి. మన దుప్పిలో ఆ ఎముకల పై కొసలు మిగిలాయి, మ్యూల్ డీర్‌లో కింది కొసలు మిగిలాయి. కాలి చర్మం లోపల దాగి ఉన్న ఇంత చిన్న ఎముక ముక్కతో కుటుంబ చరిత్ర తెలియడం నాకు ఎప్పుడు తలచుకున్నా వింతగానే ఉంటుంది. కాబట్టి ఇవి అన్నదమ్ములు కావు, దూరపు జ్ఞాతులు. కృష్ణజింక సంగతి అడిగిన మరో ఇద్దరు పాఠకులకు ఇక్కడే ఒక మాట: పేరులో జింక ఉన్నా అది ఈ కుటుంబానిదే కాదు, గొర్రెలు, మేకలు, పశువులు ఉన్న కుటుంబానిది.

కొమ్ముల విషయంలో మన భాష మనకు కొంచెం అన్యాయం చేస్తున్నది. ఎద్దుకు ఉన్నదీ కొమ్మే, కృష్ణజింకకు ఉన్నదీ కొమ్మే, దుప్పికి ఉన్నదీ కొమ్మే అంటాము. ఎద్దు కొమ్ము జీవితకాలం ఉంటుంది. దుప్పి కొమ్ము, మ్యూల్ డీర్ కొమ్ము ఏటా రాలిపోయి మళ్లీ మొలిచే ఎముక. మ్యూల్ డీర్ మగవాటికి చలికాలం నడుమ, అంటే సాధారణంగా జనవరి నుంచి మార్చి లోపల, కొమ్ములు రాలిపోతాయి. వసంతంలో మఖమల్ వంటి మెత్తని చర్మం కింద కొత్తవి పెరిగి, వేసవి చివరికి ఆ చర్మం ఎండి ఊడిపోతుంది. అన్నింటికీ ఇంచుమించు ఒకే కాలంలో ఇది జరుగుతుంది, ఎందుకంటే నవంబరు, డిసెంబరు నెలలలో జతకట్టి, సుమారు రెండు వందల రోజులు మోసి, పచ్చిక పుష్కలంగా ఉన్న జూన్ ప్రాంతంలో ఈనకపోతే ఆ చలి దేశంలో పిల్ల బతకదు. మన దుప్పికి ఆ తొందర లేదు, ఏడాది పొడవునా ఈనుతుంది. ఒకే మందలో ఒక మగ దుప్పికి నిండు కొమ్ములు, ఇంకొకదానికి మఖమల్ కొమ్ములు, మరొకదానికి బోడి తల కనబడటానికి కారణం ఇదే. ఈసారి నడకదారిలో వెళ్లినప్పుడు గమనించండి.

ప్రశ్న: నేను చిత్తూరులో ఇంటర్ చదువుతున్నాను. ఒకే జాతి అయినప్పుడు రెండు పేర్లు ఎందుకు? తేడా తోకలో మాత్రమేనా?

జవాబు: తోకతో మొదలుపెట్టడం మంచిదే. మ్యూల్ డీర్ పిరుదుల మీద పెద్ద తెల్లని మచ్చ ఉంటుంది, దాని మీద తాడు ముక్కలా సన్నని తెల్ల తోక వేలాడుతూ కొస మాత్రం సిరాలో ముంచినట్లు నల్లగా ఉంటుంది. నల్లతోక జింకకు తోక వెడల్పుగా, పైభాగమంతా నల్లగా ఉండి, తెల్లని మచ్చ చిన్నదవుతుంది. అమెరికాలో ఇంకా ఎక్కువగా కనబడే తెల్లతోక జింక వేరే జాతి. దాని తోక పైన గోధుమరంగులో, కింద తెల్లగా ఉంటుంది. పరుగెత్తేటప్పుడు తోకను జెండాలా పైకెత్తుతుంది. మీకు ఇంకొక మంచి గుర్తు వెనుక కాలి బయటి వైపున ఉండే వాసన గ్రంథి. మ్యూల్ డీర్‌లో అది నాలుగైదు అంగుళాల పొడవుంటుంది, తెల్లతోక జింకలో అంగుళం లోపే, నల్లతోక జింకలో ఆ రెండింటికీ నడుమ.

నల్లతోక జింకలలో మళ్లీ రెండు తెగలున్నాయి. కాలిఫోర్నియా నుంచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరం దాకా ఉండేది కొలంబియన్ తెగ. దానికి ఉత్తరాన, ఆగ్నేయ అలాస్కా దీవులలో ఉండేది సిట్కా తెగ. సిట్కా జింక పొట్టిగా, గట్టిగా ఉంటుంది, ఒక దీవి నుంచి మరో దీవికి ఈదుకుంటూ పోతుంది. అక్కడి ముసలి అడవులలో చెట్ల గొడుగులు మంచును పైనే ఆపడం వల్ల కింద తినడానికి ఆకు దొరుకుతుంది. ఆ చెట్లను నరికిన చోట మంచు నేరుగా నేల మీద పేరుకుని జింక ఆకలితో చస్తుంది.

వంశవృక్షం సంగతి మీరు డిగ్రీకి వచ్చేసరికి ఎలాగూ చదువుతారు గాని, ఇప్పుడే ఒక చిక్కుముడి చెబుతాను. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను పోల్చి చూసినప్పుడు, మ్యూల్ డీర్‌ది తన సొంత జాతి అనుకున్న నల్లతోక జింక కంటె వేరే జాతి అయిన తెల్లతోక జింకకే దగ్గరగా ఉన్నదని తేలింది. పూర్వం ఎప్పుడో ఈ రెండు జాతులకు సంకరం జరిగి ఉంటుందని దీనికి చెప్పే వివరణలలో ఒకటి. అయితే కాస్కేడ్ పర్వతశ్రేణి మీద మ్యూల్ డీర్, నల్లతోక జింక కలిసే చోట్ల అవి ఇబ్బంది లేకుండా జతకట్టి పిల్లలను కంటున్నాయి. తోక చూసి ఇదీ అదీ అని గట్టిగా చెప్పలేని జింకలు అక్కడ చాలా కనబడతాయి.

ప్రశ్న: వీడియోలో చూశాను, ఆ జింక పరుగెత్తడం లేదు, నాలుగు కాళ్లూ బిగించి బంతిలా ఎగురుతున్నది. మా పలమనేరు వైపు పొలాల్లో పడే జింకలు ఎప్పుడూ అలా చేయగా చూడలేదు. – రైతు, పలమనేరు

జవాబు: అది మ్యూల్ డీర్‌కు పేరు తెచ్చిన నడక. నాలుగు గిట్టలూ ఒకేసారి నేలను తన్ని ఒకేసారి దిగుతాయి. చదును నేల మీద ఇది తెలివైన పని కాదు. తెల్లతోక జింక మామూలు పరుగుతో ఇంతకంటె ముందుకు పోతుంది. కాని బండలు, పడిపోయిన చెట్లు, నిట్టనిలువు వాలు ఉన్న చోట ఈ ఎగురుడుకు సాటి లేదు. ప్రతి గెంతు చివరా అది దిశ మార్చుకోగలదు, తరిమే జంతువు బండలను చుట్టి రావలసి వస్తే ఇది వాటి పైనుంచి పోతుంది. రెండు జాతుల సంకరంగా పుట్టిన పిల్లలు ఈ ఎగురుడూ సరిగా చేయలేవు, ఆ పరుగూ సరిగా తీయలేవు. ప్రమాదం ఎదురైనప్పుడు వాటి కాళ్లు తడబడతాయని పరిశీలించినవారు రాశారు. రెండు జాతులు పక్కపక్కనే తిరుగుతున్నా కలిసిపోకుండా ఉండటానికి ఇది ఒక కారణం కావచ్చును.

ప్రశ్న: ఈ జింకలు ఏటా వందల కిలోమీటర్లు నడుస్తాయని విన్నాను. నిజమా? – చంద్రగిరి

జవాబు: నిజమే. ఈ జాతిని గురించి ఒక్క సంగతే చెప్పే అవకాశం నాకు ఇస్తే నేను చెప్పేది ఇదే. చెవులు, తోక, కొమ్ములు చూసి మనం మురిసిపోతాము గాని, దాని అసలు విద్య కాళ్లలోనూ జ్ఞాపకంలోనూ ఉన్నది.

వయోమింగ్ రాష్ట్రంలో రెడ్ డెజర్ట్ అనే మెట్ట ఎడారి ఉన్నది. అక్కడ చలికాలం గడిపే మ్యూల్ డీర్ అంతా ఆ చుట్టుపక్కలనే ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. మెడకు రేడియో పట్టీలు కట్టి వెంబడిస్తే, వసంతం రాగానే వాటిలో కొన్ని ఉత్తరంగా కదిలి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి, హోబాక్ లోయ పర్వతాలకు చేరుతున్నాయని తెలిసింది. ఆ సంగతి 2014లో లోకానికి ప్రకటించారు. తిరుపతి నుంచి చెన్నైకి పోయి, అక్కడి నుంచి మళ్లీ తిరుపతికి నడిచి వస్తే దాదాపు అంత దూరం అవుతుంది. శరదృతువులో మంచు పడగానే అదే దారిన వెనక్కి దిగుతాయి.

నడక అంటే ఆగకుండా నడవడం కాదు. దారిలో కొన్ని మజిలీలు ఉంటాయి. ఈ వలస జింకలు ప్రయాణకాలంలో నూటికి తొంభైఐదు పాళ్లు మజిలీలలో మేస్తూనే గడుపుతాయని పరిశోధనలో లెక్క కట్టారు. దానికి కారణం కడుపు. లేత ఆకులో మాంసకృత్తులు ఎక్కువ, ముదిరితే పీచు ఎక్కువ. మంచు కరిగే కొద్దీ పల్లం నుంచి ఎత్తుకు లేత పచ్చదనం అలలా ఎక్కుతూ పోతుంది; జింక ఆ అల వెంట నడుస్తుంది. ముందు పోతే మంచు, వెనుకబడితే ముదురాకు. చలికాలంలో ఎండిన దేహానికి కండ, కొవ్వు పట్టించి, కడుపులోని పిల్లను పెంచుకునేది ఈ నడకలోనే.

దారి ఎలా తెలుస్తుంది? తల్లి వెంట మొదటి ఏడాది నడిచిన పిల్ల ఆ దారిని గుర్తుపెట్టుకుని ఏటా దానినే పట్టుకుంటుంది. పక్కన ఇంతకంటె మంచి మేత ఉన్నా తప్పుకోదు. పెరటాసి నెలలో తమిళ భక్తులు తాతల నాటి దారిలోనే, అవే సత్రాలలో ఆగుతూ కొండకు నడిచి వచ్చినట్లు. ఈ మొండితనమే దానికి బలం, అదే ప్రమాదం కూడా. పైన్‌డేల్ అనే ఊరి దగ్గర ఈ దారి ఒక సరస్సుకూ ఊరికీ నడుమ పావు మైలు సందులోంచి పోతుంది. ఆ సందులో నాలుగు ఇళ్లు కట్టి కంచె వేస్తే వేల జింకలు నిలిచిపోతాయి. అందుకే ఆ స్థలాన్ని ఒక సంరక్షణ సంస్థ కొని ఖాళీగా ఉంచింది. అదే ప్రాంతంలో ట్రాపర్స్ పాయింట్ అనే చోట హైవే మీద జంతువుల కోసమే వంతెనలు కట్టి మట్టి పోసి గడ్డి పెంచారు. 2012 నుంచి మ్యూల్ డీర్ వాటి మీదుగా దాటుతున్నాయి, కార్లు కిందుగా పోతున్నాయి.

నల్లతోక జింకలలో మాత్రం ఇంత దూరాల నడక అరుదు. వాటిలో చాలా భాగం తీరపు అడవిలో చిన్న మేరలోనే పుట్టి అక్కడే పోతాయి. చలికాలంలో కూడా ఆకు దొరికే చోట వలస పోవలసిన అవసరం దానికి లేదు.

ప్రశ్న: పెరట్లోకి వచ్చిన జింకకు జాలిపడి అన్నం, అరటిపండు పెట్టాను. మా అమ్మాయి నా మీద కోపగించుకుని, పక్కింటివాళ్లు చూస్తే ఫిర్యాదు చేస్తారని భయపెట్టింది. మూగజీవానికి పట్టెడన్నం పెట్టడం తప్పెలా అవుతుంది? – గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ జాలిని తప్పు పట్టడం లేదు గాని ఈ విషయంలో మీ అమ్మాయి మాటే సరి. కొలరాడోలో జింకలకు మేత పెట్టడం చట్టరీత్యా నేరం. ఆ చట్టం వెనుక ఒక శాస్త్రం ఉన్నది.

మ్యూల్ డీర్ నెమరువేసే జంతువే అయినా ఆవు వంటిది కాదు. ఆవు గడ్డి మేసి బతుకుతుంది. దీని మొదటి పొట్ట దేహంతో పోల్చితే చిన్నది, అందుచేత ఆకులు, చిగుళ్లు, రెమ్మలు ఏరుకుని తింటుంది. ఆ పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఏ మేత వస్తున్నదో దానికి తగినట్లు మారతాయి గాని, ఆ మార్పుకు రెండు మూడు వారాలు పడుతుంది. చలికాలమంతా ఎండు రెమ్మలు తిన్న జింకకు ఒక్కసారిగా మొక్కజొన్నో, అన్నమో, రొట్టెనో కడుపునిండా పెడితే పొట్టలో ఆమ్లం పెరిగి చనిపోతుంది. ఎండుగడ్డి పెట్టినా అరగదు. కడుపు నిండుగా ఉండి ఆకలితో చచ్చిన జింకలు అక్కడి చలికాలాలలో కనబడుతూనే ఉంటాయి. పైగా మేత ఉన్న చోట జింకలు గుమిగూడితే, వాటి వెనుక కొండసింహం (ప్యూమా) కూడా వీధిలోకి వస్తుంది.

చలికాలంలో వీటిని నిలబెట్టే మేతలలో ముఖ్యమైనది సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు పొద. దానిని మీరు చూసే ఉంటారు, ఆ రాష్ట్రాలలో మైళ్ల కొద్దీ అదే. వినాయక చవితినాడు ఇరవై ఒక్క పత్రులలో మొదట వేసే మాచిపత్రికి అది సొంత జ్ఞాతి. రెండూ ఆర్టెమీసియా ప్రజాతివే. ఆకు నలిపి వాసన చూసి ఉంటే కాణిపాకం జ్ఞాపకం వచ్చి ఉండేది. ఆ ఘాటైన నూనెలు సూక్ష్మజీవులకు గిట్టవు గనుక జింక దానిని కూడా కొంచెం కొంచెంగా, వేరే రెమ్మలతో కలిపి తింటుంది.

గులాబీల సంగతి మరచిపోలేదు. ఆ జింక లావెండర్, రోజ్‌మేరీ వంటి ఘాటు వాసన మొక్కలను సాధారణంగా ముట్టదు, గులాబీని వదలదు, చిక్కుడును అసలే వదలదు. ఎనిమిది అడుగుల కంచె తప్ప నమ్మదగిన ఉపాయం లేదు.

ప్రశ్న: తిరుమల నడకదారిలో చిరుతల భయం పోవాలంటే వాటిని పూర్తిగా అడవి నుంచి తరలించితే సరిపోదా? దుప్పులు కూడా హాయిగా పెరుగుతాయి కదా. మీరు రాసే ఆ దేశాలలో ఇటువంటి పని ఎవరైనా చేశారా? – శ్రీకాళహస్తి

జవాబు: అయ్యా, మనుషుల రక్షణకు ఏమి చేయాలన్నది ఈ శీర్షిక తేల్చగల విషయం కాదు. దుప్పులు హాయిగా పెరుగుతాయన్న మాటకు మాత్రం జవాబు చెప్పగలను, ఎందుకంటే ఆ ప్రయోగం మ్యూల్ డీర్ మీదనే జరిగింది.

అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచున కైబాబ్ పీఠభూమి ఉన్నది. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దానిని వేటజంతువుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. జింకల వేట నిషేధించి, జింకలను తినే కొండసింహాలను, కయోటీలు అనే చిన్న తోడేళ్ల వంటి జంతువులను, తోడేళ్లను, బాబ్‌క్యాట్లు అనే అడవిపిల్లులను ప్రభుత్వ వేటగాళ్లతో చంపించారు. కొండసింహాలు వందల లెక్కన పోయాయి. అదే కాలంలో అక్కడ మేసే గొర్రెలు, పశువులు కూడా తగ్గాయి. మొదట నాలుగు వేలు ఉంటాయనుకున్న జింకలు 1924 నాటికి 30,000 అని ఒకరు, లక్ష అని ఇంకొకరు అంచనా వేశారు. అంకె ఏదయినా, చెట్ల కింది కొమ్మలకు జింక మెడ అందే ఎత్తు దాకా ఆకు అన్నది మిగలలేదు. ఆ తరువాతి చలికాలాలలో జింకలు వేల కొద్దీ ఆకలితో చచ్చాయి.

ఇందులో నవ్వాలో ఏడవాలో తెలియని ఘట్టం ఒకటి ఉన్నది. 1924 డిసెంబరులో ఒక పశువుల ఆసామి, జింకలను మందగా తోలి గ్రాండ్ కాన్యన్ దాటించి అవతలి ఒడ్డుకు చేరుస్తానని ఒప్పుకున్నాడు. గుర్రాల మీద పశువుల కాపరులు, కాలినడకన గంటలు మోగిస్తూ నవాహో తెగవారు వరుసగా బయలుదేరారు. మంచు తుపాను వచ్చింది. జింకలు ముందుకు పోవడానికి బదులు తోలేవారి సందులలోంచి వెనక్కి గెంతి పోయాయి. ఒక్క జింక కూడా లోయ దాటలేదు. నాలుగు కాళ్ల మీద ఒకేసారి ఎగిరి దిశ మార్చుకునే జంతువును గొర్రెలమంద వలె తోలవచ్చునని అనుకోవడంలోనే పొరపాటు ఉన్నది.

ఈ కథ పాఠ్యపుస్తకాలకు ఎక్కిన తరువాత, 1970లో ఒక శాస్త్రవేత్త అంకెల మీద సందేహం లేవనెత్తాడు. ఆ సందేహం సబబైనదే. తరువాత 2006లో ఆస్పెన్ చెట్ల వయసులను లెక్కవేసి చూస్తే, 1920ల దశాబ్దంలో మొలకెత్తి బతికిన చెట్లు చాలా తక్కువ అని తేలింది. మొలకలను మేసినవారెవరో వేరే చెప్పనక్కరలేదు. కెనడాలోని హైదా గ్వాయి దీవులలో కథ ఇంకా నడుస్తూనే ఉన్నది. పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడ సిట్కా జింకలను వదిలారు. వాటిని తినే తోడేలు, కొండసింహం ఆ దీవులలో లేవు. ఇప్పుడు అక్కడి అడవిలో పెద్ద చెట్ల కింద పొదలు లేవు, మొలకెత్తిన దేవదారు జింక నోటిని దాటి పైకి రావడం గగనమైపోయింది.

ప్రశ్న: ఈ జింకలకు ఒక వింత జబ్బు వస్తుందట. మనుషులకు అంటుతుందా? – కుప్పం

జవాబు: ఆ జబ్బు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. మొదట గుర్తించినది 1967లో, కొలరాడోలోని ఒక పరిశోధనా కేంద్రంలో పెంచుతున్న మ్యూల్ డీర్‌లో. ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రోటీన్ మెదడును తూట్లు పొడుస్తుంది. జింక చిక్కి, తూలి, చొంగ కార్చుకుంటూ చనిపోతుంది. లాలాజలం, మూత్రం ద్వారా నేలలో చేరి ఏళ్ల తరబడి నిలుస్తుంది, మందు లేదు. మనుషులకు సోకినట్లు రుజువైన సందర్భం ఇంతవరకు లేదు గాని, జబ్బు ఉన్న జింక మాంసం తినవద్దని ఆరోగ్య అధికారులు చెబుతున్నారు.

ప్రశ్న: మా మనవరాలు గడ్డిలో ఒంటరిగా పడుకుని ఉన్న చుక్కల జింకపిల్లను చూసి, తల్లి వదిలేసిందని ఇంట్లోకి తెచ్చింది. మీరు పెద్దవాటికి చుక్కలు లేవన్నారు గదా, మరి ఇది వేరే జాతా? – చిత్తూరు

జవాబు: వేరే జాతి కాదు. మ్యూల్ డీర్ పిల్ల చుక్కలతోనే పుడుతుంది, మూడు నాలుగు నెలలకు అవి మాసిపోతాయి. మన దుప్పి మాత్రం వాటిని జీవితమంతా ఉంచుకుంటుంది. పుట్టినప్పుడు బరువు మూడు కిలోల ప్రాంతం, చాలాసార్లు కవలలు.

మీ మనవరాలు మంచి మనసుతోనే తెచ్చింది గాని, ఆ పిల్లను తల్లి వదలలేదు. మొదటి వారాలలో పిల్లకు వాసన దాదాపు ఉండదు. కదలకుండా పడుకుంటే కయోటి పక్కనుంచి పోయినా పసిగట్టడం కష్టం. తల్లి ఒంటికి వాసన ఉంటుంది కాబట్టి అది కావాలనే దూరంగా మేసి, పాలివ్వడానికి మాత్రమే వచ్చి పోతుంది. అప్పుడే తిరిగి అదే చోట పడుకోబెట్టి దూరంగా తొలగిపోతే తల్లి సాధారణంగా వచ్చి తీసుకుపోతుంది.

అది పిల్లను ఎంతగా కనిపెట్టుకుని ఉంటుందో చెప్పే ప్రయోగం ఒకటి ఉన్నది. కెనడా పరిశోధకులు పొదల చాటున స్పీకరు పెట్టి, ఆపదలో ఉన్న రకరకాల పిల్లల అరుపులు వినిపించారు. జింకపిల్ల అరుపుకు తల్లి జింకలు పరుగెత్తి వచ్చాయంటే వింత లేదు. స్వరం ఎత్తు తమ పిల్ల గొంతుకు దగ్గరగా ఉంటే చాలు, పిల్లికూన అరుపుకు, సీలు పిల్ల అరుపుకు, చివరకు మనిషి పసికందు ఏడుపుకు కూడా వచ్చాయి. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అడవిలో కూడా మ్యూల్ డీర్ ఆడవి కయోటి మీదకు గిట్టలెత్తి పోతాయి, పిల్ల తమది కాకపోయినా, తెల్లతోక జింకది అయినా సరే.

ప్రశ్న: మా తమ్ముడు ఒరెగాన్ నుంచి పంపిన ఫొటో జత చేస్తున్నాను. ఇది రెండింటిలో ఏదో చెప్పగలరా? – రేణిగుంట

జవాబు: ఫొటో చక్కగా ఉన్నది. కొమ్ము ఒకసారి రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలాయి కనుక ఇది తెల్లతోక జింక కాదని నిస్సందేహంగా చెప్పవచ్చును. తెల్లతోకకు ఒకే దూలం వంగి ఉండి దాని మీద కొనలు నిలువుగా లేస్తాయి. కొమ్ము మీద ఇంకా మఖమల్ చర్మం ఉన్నది కాబట్టి ఆగస్టులోనో అంతకు ముందో తీసి ఉండాలి. అయితే ఒరెగాన్‌లో కాస్కేడ్ పర్వతాలకు తూర్పున మ్యూల్ డీర్, పడమర నల్లతోక జింక ఉంటాయి. మీ తమ్ముడుగారు ఏ వైపు తీశారో రాయలేదు, జింక కెమెరాకు ఎదురుగా నిలబడటం వల్ల తోక కనబడటం లేదు. తీసిన ఊరి పేరయినా, వెనుక నుంచి తీసిన మరొక ఫొటో అయినా పంపితే వచ్చే సంచికలో చెబుతాము.